పద్నాలుగో పేజీ

కుమారి మ్యాటర్ టైపు చేస్తుందే తప్ప చదవదు. పదకొండేళ్లుగా నరసన్నపేటలో నరసింగరావుగారి ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కోచింగు సెంటర్ల కరపత్రాలు, ఎరువుల కొట్ల బిల్లుబుక్కులు కొడుతూ వచ్చింది. చేతిరాత కాగితాన్ని ఎడమపక్క క్లిప్పుకి తగిలించి, కళ్లు దాని మీద, వేళ్లు కీబోర్డు మీద వదిలేస్తే చాలు, అక్షరాలు కళ్లలోంచి నేరుగా వేళ్లలోకి దిగిపోతాయి. మధ్యలో బుర్ర దగ్గర ఆగవు. బుర్ర ఆ సమయంలో రాత్రికి కూరేమిటో, ఐదున్నర బస్సులో సీటు దొరుకుతుందో లేదో చూసుకుంటూ ఉంటుంది.

ఆ సోమవారం మాత్రం వేళ్లు ఆగిపోయాయి.

క్లిప్పుకున్న కాగితం మీద నల్ల సిరాతో, పెద్ద అక్షరాలతో, ‘కూర్మన్నవలస బీలను కాపాడిన ధీరుడు’ అని ఉంది. కూర్మన్నవలస ఆమె అత్తవారి ఊరు. బీల ఆ ఊరి పక్కన మైళ్ల కొద్దీ పరుచుకున్న చిత్తడి నేల. వానలప్పుడు చేపలు, వానలు వెనకబట్టాక వరి, ఎండల్లో పశువులకి మేత, చాపలకి తుంగ, అన్నీ అందులోంచే. కుమారి శీర్షిక కింద వాక్యాన్ని ఈసారి బుర్రతో చదివింది. ‘థర్మల్ భూతం కోరలు చాచి బీల మీదికి వచ్చిన వేళ, ప్రజాభిప్రాయ సేకరణ సభలో సింహంలా గర్జించి ఆ ప్రాజెక్టును తరిమికొట్టిన పర్యావరణ పరిరక్షకుడు మన సీతారామారావుగారు.’

ఆ సభకి కుమారి వెళ్లింది. సింహం గర్జించిన మాట నిజమే. కాని గర్జించింది ప్రాజెక్టు కావాలని.

సీతారామారావుగారు మూడుసార్లు గెలిచిన ఎమ్మెల్యే. డెబ్బై రెండేళ్లు. పాతకాలం మనిషని పేరు. బారు షాపు పెడతామంటే వద్దన్నారు, గుడి వీధిలో సినిమా హాలు వద్దన్నారు, సంతను ఊరి బయటికి మార్చడం వద్దన్నారు. కొత్తగా వచ్చినవాటిల్లో ఆయన రమ్మన్నది ఆ థర్మల్ కరెంటు ఫ్యాక్టరీ ఒక్కదాన్నే. ఇప్పుడు రాష్ట్రం విడిపోయి, ఎన్నికలు నెల రోజుల్లోకి వచ్చేసరికి, బీల చుట్టూ ఉన్న ఏడు ఊళ్లలో ఆయన పేరెత్తితే జనం మొహం తిప్పుకుంటున్నారు. ఆ ఏడు ఊళ్ల కోసమే ఆయన తమ్ముడి కొడుకు ధర్మేంద్ర ఈ ఇరవై నాలుగు పేజీల పుస్తకం రాసి పంపాడు. ‘కరెంటు, పచ్చదనం: సీతారామారావుగారి రికార్డు’ అని దాని పేరు.

“ఏటమ్మా, సప్పుడు లేదు? కరెంటు పోనాదేటి?” అన్నారు నరసింగరావుగారు లోపల్నించి. ఆయన మెషిను రోలర్లకి పట్టిన ఎర్ర ఇంకును కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నారు. కీబోర్డు చప్పుడు ఆగితే ఆయనకి తోచదు.

“ఉందండి. ఈ పద్నాలుగో పేజీ మీరు సూసినారా?”

“ఏటుంది అందులో?”

“అబద్ధముందండి.”

నరసింగరావుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు పైకి నెట్టి, కాగితం చదివారు. చదివి తల గోక్కున్నారు. ఆయనకీ తెలుసు. ఆ సభ సంగతి నరసన్నపేటలో తెలియనివాళ్లు లేరు.

“అక్షరదోషాలేటైనా ఉన్నాయా?”

“లేవండి.”

“అయితే మన పని అయిపోయినట్టే. అక్షరాల తప్పులు మనవి. మిగతా తప్పులు ఆల్లవి.”

“ఎన్నికల పుస్తకం కదండీ. అచ్చేసినోల పేరు ఎయ్యాలి కదా రూలు ప్రకారం.”

“ఎయ్యాలి. అచ్చేసినవారు అనే ఉంటాది. రాసినవారు అని ఉండదు. కొట్టీయమ్మా, తల్లీ, శుభలేఖలు అయిదు రకాలు ఎదర ఉన్నాయి.” రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగారు. “అన్నట్టు, బుధవారం ప్రూఫులు పట్టుకుని సీతారామారావు బాబుగారింటికి నువ్వే ఎల్లాలి. ఆయనకి కంటి ఆపరేషన్ అయింది, సదవకూడదట. సదివి వినిపించే మనిషిని పంపమని కబురెట్టేరు. నాదా కంచు గొంతు. నువ్వయితే నెమ్మదిగా సదువుతావు.”

కుమారి మళ్లీ కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఆ పేజీ పూర్తి చేసి, పదిహేనో పేజీలో ‘కోతలు లేని కరెంటు’ అన్న శీర్షిక కొడుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ మని అరిచింది. లోపల్నించి నరసింగరావుగారి నవ్వు వినిపించింది. కుమారి కూడా నవ్వి, ఫైలు సేవ్ చేసి, కంప్యూటర్ కట్టేసింది.

*

ఆమె ఇల్లు చేరేసరికి అత్త దేముడమ్మ అరుగు మీద తుంగచాప అల్లుతోంది. పురికొస తాళ్లు బిగించి, తుంగపోచను ఒక్కొక్కటే దూర్చి, అడ్డకర్రతో టక్కున దగ్గరకి కొడుతోంది. కుమారి బ్యాగు గోడకి తగిలించి, పక్కనే కూర్చుని పోచలు అందించడం మొదలుపెట్టింది. అందిస్తూనే పద్నాలుగో పేజీ సంగతి చెప్పింది.

దేముడమ్మ చేతిలో కర్ర ఆగిపోయింది.

“మళ్లా సెప్పు.”

కుమారి మళ్లీ చెప్పింది.

“సింవంలాగా?”

“సింహంలాగేనంట అత్తా.”

దేముడమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. దగ్గులోంచి మళ్లీ నవ్వు వచ్చింది. ఎదురింటి కూర్మమ్మ ఏమయిందోనని వచ్చి గుమ్మంలో నిలబడితే, “ఓలే, ఇది ఇను! బీల కోసం మూడేళ్లకి పైగా శిబిరంలో కూకున్నది మనం కాదంటే! ఆ సీతారామారావు బాబంట! మనం ఎక్కడున్నామో మరి అప్పుడు!” అంది.

“సీరలు కట్టుకుని ఆ బాబే కూకున్నాడేమో, మనకి తెలీలేదు,” అంది కూర్మమ్మ. ఇద్దరూ అరుగు పట్టుకుని నవ్వారు.

కుమారికి మాత్రం నవ్వు రాలేదు. “నానే టైపు సేసినాను అత్తా. నా సేత్తోనే. అదే బాగోలేదు నాకు.”

దేముడమ్మ కోడలి మొహం చూసింది. మనిషి మొరటుగా మాట్లాడుతుంది గాని, ఎదుటివాళ్ల మొహంలో నీడ కదిలితే ఇట్టే పట్టేస్తుంది.

“బుధవారం ఆయనింటికి నువ్వే ఎల్తన్నావు కదా?”

“ఆఁ.”

“అయితే ఏటుంది? ఆ ముక్క ఆయన ఎదర కూకుని సదువు. గట్టిగా సదువు. సదివేటప్పుడు ఆయన మొకం ఎలగుంటాదో సూసీసి వొచ్చి నాకు సెప్పు. నాకది సాలు.” మళ్లీ పోచ దూర్చి టక్కున కొట్టింది. “ఉద్యోగం మానీకు. మనుషులు అబద్ధాలాడితే నువ్వేల పస్తుండడం?”

*

సీతారామారావుగారి ఇల్లు పెద్దదే గాని పటాటోపం లేదు. వరండాలో నాలుగు బెంచీలు, వాటి మీద అర్జీలు పట్టుకున్న పదిమంది మనుషులు. ఆయన లోపలి గదిలోంచి నల్లకళ్లద్దాలతో, గోడ తడుముకుంటూ బయటికి వచ్చారు. వస్తూ వస్తూ గుమ్మం పక్కన స్విచ్చి తడిమి, లోపల ఉత్తినే తిరుగుతున్న ఫ్యానును ఆపేశారు. అందరి అర్జీలూ విని పంపేశాక, కుమారిని పిలిచి ఎదురుగా కుర్చీలో కూర్చోమన్నారు.

“చదవమ్మా. తొందరేం లేదు. ఎర్ర పెన్ను తెచ్చుకున్నావా?”

“తెచ్చేనండి.”

కుమారి ప్రూఫు కాగితాలు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. “‘హరిత తపస్వి, విద్యుత్ ప్రదాత, ప్రజల మనిషి...’”

“తపస్వి తీసెయ్. ఇంట్లో వింటే నవ్వుతారు.”

లోపల్నించి ఆయన భార్య భాగ్యవతిగారు అప్పటికే నవ్వేశారు. ఆవిడ గ్లాసులో కాఫీ తెచ్చి కుమారి పక్కన పెట్టి, “ప్రదాత కూడా తీసెయ్యమ్మా, ఈయన ఇంట్లో లైటు వేస్తే తిడతారు,” అని చెప్పి వెళ్లిపోయారు.

కుమారి ఎర్ర పెన్నుతో రెండూ కొట్టేసింది. ఏడో పేజీకి వచ్చారు. “‘నియోజకవర్గంలో నాలుగు వందల సోలార్ వీధి దీపాలు...’”

“నలభై.”

“ఇందులో నాలుగొందలనే ఉందండి.”

“ఆ రెండో సున్నా మావాడిది. కొట్టెయ్. నలభైలో ఎన్ని వెలుగుతున్నాయో తెలుసా నీకు?”

“మా ఊళ్లో రెండు పెట్టినారండి. ఒకటి వెలుగుతాది. రెండోదాని బ్యాటరీ ఎవరో పట్టుకుపోనారు.”

“అయితే, ‘నలభై పెట్టించాను, సగం వెలుగుతున్నాయి’ అని రాయి.”

కుమారి తలెత్తి చూసింది. ఆయన వేళాకోళం ఆడడం లేదు. చేతిలో తాటాకు విసనకర్ర నిదానంగా ఆడుతోంది. ఆమె రాసింది.

లక్ష మొక్కల దగ్గర ఆయన మళ్లీ ఆపారు. నాటిన మాట నిజమేనని, బతికినది మాత్రం సముద్రం ఒడ్డున వేసిన సరుగుడు తోట ఒక్కటేనని, అదే రాయమని అన్నారు. గిరిజన గూడేలకి వేయించిన కరెంటు స్తంభాల సంగతి వచ్చినప్పుడు ఆయన గొంతు మారింది. “అది ఒక్క అక్షరం మార్చకు. అవి నా కళ్ల ముందు పాతేరు. గుమ్మలక్ష్మి గూడెంలో బల్బు వెలిగినప్పుడు ఒక ముసలమ్మ దాన్ని నోటితో ఊది ఆర్పడానికి చూసింది. నాకు దాని ముందు ఏ మంత్రి పదవీ ఆనదు,” అన్నారు.

పదమూడో పేజీ అయ్యేసరికి కుమారికి పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. ముసలాయన ఆమెకి నచ్చడం మొదలుపెట్టారు.

ఆమె కాఫీ చివరి గుక్క తాగి, గొంతు సవరించుకుని, పద్నాలుగో పేజీ తీసింది. అత్త చెప్పినట్టే గట్టిగా చదివింది. ‘కోరలు చాచి’ దగ్గర తొణకలేదు. ‘సింహంలా గర్జించి’ దగ్గర ఒక్క క్షణం ఆగి ఆయన మొహంలోకి చూసింది. విసనకర్ర ఆగిపోయింది. నల్లద్దాల వెనక ఏముందో కనపడలేదు.

“మళ్లీ చదువు.”

ఆమె మళ్లీ చదివింది. వరండా బయట సైకిలు మీద ఐసు అమ్మేవాడి గంట వినిపించి, దూరమయింది.

“ఏ ఊరమ్మా నీది?”

“కూర్మన్నవలసండి.”

“ఆ రోజు సభలో ఉన్నావా నువ్వు?”

“ఉన్నానండి. పందిరి ఎడం పక్కన.”

“అయితే చెప్పు. నేనేమన్నాను?”

ఉద్యోగం, నరసింగరావుగారు, ఎదర ఉన్న అయిదు రకాల శుభలేఖలు అన్నీ ఒక్కసారి కుమారి కళ్ల ముందు తిరిగాయి. అయినా ఆ మాట నాలుగేళ్లుగా ఆమెలో అలాగే ఉంది. ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది.

“‘కొంగలకి తిండి పెడతారా, కొడుకులకి తిండి పెడతారా, తేల్చుకోండి’ అన్నారండి.”

ఆయన నెమ్మదిగా తలూపారు. “అన్నాను. ఇప్పుడూ అంటాను. ఈ జిల్లాలో ప్రతి ఊరి కుర్రాళ్లూ రైలెక్కి పోతున్నారు. కట్టుబడి పనులకి, రేవుల్లో పనులకి. ఒక ఫ్యాక్టరీ ఉంటే సగం మందైనా ఆగుతారని నా ఆలోచన. అది తప్పా?”

“తప్పని నాననండి. కాని మా బీల కొడుకులకీ పెడతాదండి, కొంగలకీ పెడతాది. మా ఆయన చేపలు పట్టేది అందులోనే. మా అత్త చాపలల్లేది ఆ తుంగతోనే. మా ఊర్నించి రైలెక్కినోలు నలుగురంటే నలుగురు.”

“మరి ఈ మాట ఆ రోజు ఎవరూ అన్లేదేం?”

“అన్నారండి. మైకు మీ దగ్గరుంది.”

సీతారామారావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. తరవాత భుజాలు కదిలాయి. దగ్గనుకుంది ఆమె. కాదు. ఆయన నవ్వుతున్నారు. చప్పుడు లేకుండా.

“మైకు నా దగ్గరుంది,” అన్నారు తనలో తాను. “నిజమే. నేనెవరికీ ఇవ్వలేదు. అయిదుగంటలకి కలెక్టరుగారు వెళ్లిపోవాలన్నారు.” నల్లద్దాలు సవరించుకున్నారు. “పేజీ మొత్తం అడ్డంగా గీత కొట్టు. నేను చెప్తాను, రాసుకో.”

సరిగ్గా అప్పుడే జీపు దిగి ధర్మేంద్ర వచ్చాడు. ముప్పై ఏళ్ల వాడు, చొక్కా జేబులో రెండు సెల్‌ఫోన్లు. ఎర్ర గీతల ప్రూఫులు చూసి గతుక్కుమన్నాడు. పద్నాలుగో పేజీ మీద అడ్డగీత చూసి మొహం మాడ్చుకున్నాడు.

“పెదనాన్నా! ఇదే ఈ పుస్తకానికి ప్రాణం. నాలుగేళ్లయింది. ఎవరికి గుర్తుంటుంది?”

“ఈ పిల్లకి గుర్తుంది.”

“ఒక్కర్తి.”

“ఊరికొక్కర్తి చాల్దురా?”

“నిజం రాస్తే ఆ ఏడు ఊళ్లూ పోతాయి.”

“అవి ఎప్పుడో పోయాయి. చూడు ధర్మేంద్రా, నేను ఆ రోజు నోరుజారి అన్లేదు. నెలరోజులు ఆలోచించుకుని అన్నాను. ఇప్పుడు అన్లేదంటే, ఆలోచన లేనివాణ్నయిపోతాను. దానికంటే ఓడిపోవడం నయం. నువ్వు రాయమ్మా.”

ధర్మేంద్ర స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. ఆయన ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పారు. కుమారి కాగితం వెనకవైపు రాసుకుంది.

“బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం రావాలని నేను కోరాను. సభలో అలాగే మాట్లాడాను. మా ప్రాంతానికి పని దొరుకుతుందని నా నమ్మకం. బీల ఊళ్లవారు వద్దన్నారు. వాళ్ల మాట ఆ రోజు నేను సరిగ్గా విననివ్వలేదు... రాసేవా? ... వాళ్లు శిబిరం వేసుకుని... ఎన్ని రోజులు కూర్చున్నారమ్మా?”

“వెయ్యిన్ని రెండువందల పద్నాలుగండి.”

“అంత కచ్చితంగా ఎలా తెలుసు?”

“శిబిరం ఎదర బోర్డు మీద రోజు అంకె మార్చేది నానేనండి. పొద్దున్న బస్సెక్కే ముందు.”

ధర్మేంద్ర ఆమె వంక మొదటిసారి సరిగ్గా చూశాడు.

“అలాగే రాయి. వెయ్యిన్ని రెండువందల పద్నాలుగు రోజులు కూర్చున్నారు. ప్రాజెక్టు రద్దయింది. బీలను కాపాడింది వాళ్లు. నేను కాదు. అంతే. సభ జరిగిన తేదీ కూడా వెయ్యి. ఆ నల్ల ఫైల్లో ఉంటుంది, చూసుకో.”

కుమారి బల్ల మీది నల్ల ఫైలు విప్పింది. పసుపురంగుకి తిరిగిన కార్బను కాపీలు, చిల్లులు పడిన ఉత్తరాలు. తేదీ కోసం తిరగేస్తుంటే మధ్యలో ‘కూర్మన్నవలస’ అన్న మాట కనపడి చెయ్యి ఆగింది. 1997 నాటి ఉత్తరం. కలెక్టరుగారికి. బీల గర్భంలో బయటివారు రొయ్యల చెరువులు తవ్వి, సముద్రపు నీరు తెచ్చి నింపుతున్నారనీ, పశువుల దారి మూసుకుపోతోందనీ, ఊరి మంచినీటి నూతులు ఉప్పబారుతాయనీ, వెంటనే ఆపించమనీ. దాని కింద అలాంటిదే ఇంకొకటి. దాని కింద, కాస్త కోపంగా, మూడోది.

“బాబుగారూ, ఈ రొయ్యల చెరువుల ఉత్తరాలు మీరేనా రాసినారు?”

“అవా? రాసేను. అప్పుడు ఎమ్మెల్యేని కూడా కాదు, ఓడిపోయి ఇంట్లో ఉన్నాను. పూర్వం నించీ పశువులు నడిచే దారి. దానికడ్డంగా తవ్వుతామంటే నాకు ఒళ్లు మండింది. మూడో ఉత్తరానికి ఆపించారు.”

“ఇది పుస్తకంలో లేదేటండి?”

“అదేం రికార్డమ్మా? కొత్తదేది వచ్చినా వద్దనడం నాకలవాటు. తేదీ దొరికిందా?”

*

గురువారం పొద్దున్న కుమారి పద్నాలుగో పేజీ మళ్లీ కంపోజ్ చేసింది. ధీరుడూ, భూతమూ, సింహమూ పోయేసరికి పేజీలో సగానికి పైగా తెల్లగా మిగిలిపోయింది. నరసింగరావుగారు ఆమె భుజం మీంచి తెర మీదికి వంగి, ఉన్న పది లైన్లూ రెండుసార్లు చదివి, “ఓరి నాయనోయ్!” అన్నారు. ముప్పై ఏళ్లుగా అన్ని పార్టీలకీ ఎన్నికల పుస్తకాలు అచ్చువేసిన మనిషి, ఇలాంటి మ్యాటర్ ఎన్నడూ చూసి ఎరగడు. “ఇది అచ్చేస్తే మన ప్రెస్సులో పుస్తకం సూడ్డానికి జనం వస్తారు. సరే గాని, ఈ ఖాళీ ఏటి సేస్తావు? కొంగ బొమ్మ ఏదైనా పెట్టు.”

కుమారి కొంగ బొమ్మ వెతికింది. పెట్టి చూసింది. తీసేసింది. కుర్చీలో వెనక్కి వాలి, ఆ తెల్లటి చోటు వంక చూస్తూ కూర్చుంది.

బీలకి అవతలి ఒడ్డున రేవుపేట ఉంది. అక్కడ రొయ్యల చెరువులు తవ్వనిచ్చారు. అక్కడి ఆడవాళ్లు ఇవాళ్టికీ తాగే నీళ్ల కోసం ట్రాక్టరు ట్యాంకు దగ్గర బిందెలు వరసపెడతారు. ఆ ఊరి నించి కూర్మన్నవలస వచ్చిన కోడళ్లు మొదటి రోజు నూతిలో నీళ్లు తోడి తాగి, తియ్యగా ఉన్నాయేటని ఆశ్చర్యపోతారు. ఎందుకు తియ్యగా ఉన్నాయో కుమారికీ నిన్నటిదాకా తెలీదు. నూతి నీళ్లు తియ్యగా ఉండడం వాటి గుణం అనుకుంది.

ఎవరూ అడగలేదు. ఎవరూ మ్యాటర్ పంపలేదు. కుమారి కాగితం లేకుండానే కీబోర్డు మీద చేతులు పెట్టింది. మొదటి వాక్యానికి చాలాసేపు పట్టింది. కొట్టింది, చెరిపింది, మళ్లీ కొట్టింది. ‘1997లో కూర్మన్నవలస బీలలో రొయ్యల చెరువులు తవ్వడం మొదలైనప్పుడు, పదవిలో లేకపోయినా, సీతారామారావుగారు మూడు ఉత్తరాలు రాసి ఆ పని ఆపించారు. అందువల్ల ఆ ఊరి నూతులు ఈనాటికీ మంచినీళ్లు ఇస్తున్నాయి.’ ఇంకేమైనా చేర్చాలేమో అనుకుంది గాని, చేర్చడానికి ఏమీ కనపడలేదు. అక్షరాలు ఒక పాయింటు పెంచి, చుట్టూ సన్న గీత వేసింది.

అప్పుడు భయం వేసింది. నరసింగరావుగారి ఫోను తీసుకుని బాబుగారింటికి చేసింది. సీతారామారావుగారే ఎత్తారు. ఆమె ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించింది.

“అది వద్దమ్మా. నేను చెప్పలేదు కదా.”

“నిజమే కదండీ?”

“నిజమనుకో.”

“మీరు సేసిన తప్పు రాయమన్నారు, రాసినానండి. మంచి రాయొద్దంటే ఎలాగండి? ఆ నీళ్లు రోజూ తాగతన్నాం మేము.”

భాగ్యవతిగారు వెనక నించి ఏదో అడుగుతున్నారు, ఆయన ఏదో గొణిగారు. తరవాత గొంతు సవరించుకున్నారు. “సరే. ధీరుడని మాత్రం పెట్టకు,” అని ఫోను పెట్టేశారు.

నరసింగరావుగారు ట్రేసింగు ప్రింటు తీసి, వెలుతురికి ఎత్తి పట్టుకుని, ఎక్కడా చుక్క లేదని చూసుకుని అచ్చు ప్లేటు చేయించడానికి పట్టుకెళ్లారు. సాయంత్రానికి మెషిను మీద పద్నాలుగో పేజీ ధనధన పడుతుంటే, కుమారి పక్కనే నిలబడి, ఇంకు ఆరని కాగితం ఒకటి తీసి, మళ్లీ మొదటి నించి చివరి దాకా చదివింది. దోషం లేదు.

*

ఆదివారం ఎండ బాగా ఎక్కాక సీతారామారావుగారు కూర్మన్నవలస వచ్చారు. నాలుగేళ్లలో ఆ ఊళ్లో ఆయన అడుగు పెట్టడం అదే మొదలు. జీపు ఊరి మొదట్లో ఆపించి, నల్లకళ్లద్దాలతో, ధర్మేంద్ర భుజం పట్టుకుని వీధిలో నడిచారు. ఆయనకంటే ముందు రోజే పుస్తకాలు వచ్చేశాయి. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించారు. మిగతా పేజీల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పద్నాలుగో పేజీ మాత్రం కొన్ని ఇళ్లలో రెండేసి సార్లు చదివారు. కొందరు నమ్మలేదు. కొందరు, ఇదేదో కొత్తరకం మాయ అన్నారు. మొహం తిప్పుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి, ఏదో వింత మనిషి వచ్చినట్టు చూశారు.

కుమారి ఇంటి ముందుకి వచ్చేసరికి ఆయనకి బాగా చెమట పట్టింది. దేముడమ్మ అరుగు మీద సగం అయిన చాప ముందు కూర్చునే ఉంది. లేవలేదు.

“దేముడమ్మంటే మీరేనా?” అన్నారాయన, ధర్మేంద్ర ఓటర్ల జాబితాలో చూసి పేరు చెప్పాక.

“నానే బాబూ.”

“మీ కోడలు నా ముక్కు పిండి నిజం అచ్చేయించింది.”

“అది నిజమే గాని, ముందర మీ నోట్లో ఉంటేనే కదా వచ్చింది,” అంది దేముడమ్మ. “కూకోండి. అలా ఎండలో నిలబడితే కన్ను పోతాది. కుమారీ, లోటాతో మజ్జిగ తే.”

ఆమె అల్లిన చాపల్లోంచి ఒక కొత్తది దులిపి పరిచింది. సీతారామారావుగారు మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. కుమారి మజ్జిగలో ఉప్పు, నలిపిన దబ్బాకు వేసి తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక్క బిగిన తాగి, లోటా కింద పెట్టి, ఉస్సురన్నారు. గుమ్మాల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గరకి వచ్చారు.

ధర్మేంద్రకి ఉసూరుమంటోంది. వేసవి ఎండలో ఏడు ఊళ్లూ తిరగాలి. చేతిలో ఓటర్ల జాబితా, జేబులో పెన్ను. “మరయితే అమ్మా,” అన్నాడు నవ్వు తెచ్చుకుని, “నిజం రాసేం కదా. మీ ఇంట్లో ఓట్లు మాకేనా?”

దేముడమ్మ పకపకా నవ్వింది. “ఓటేటి బాబూ! నిజం సెప్పినందుకు ఓటు ఏసీస్తారేటి? అందరూ సెప్పాల్సిందే కదా అది. ఈ బాబుకి బీల మీద మనసింకా పోలేదు. మళ్లా ఫ్యాక్టరీ వస్తే రమ్మంటాడు. అవునా కాదా, సెప్పండి బాబూ!”

“రమ్మంటాను,” అన్నారు సీతారామారావుగారు.

“సూసినావా? అయితే మేమూ మళ్లా శిబిరం ఏస్తాం.”

“ఎన్నాళ్లు?”

“మీకు ఇసుగొచ్చీ దాకా.”

“నాకు విసుగు త్వరగా రాదమ్మా. మావాడికి తెలుసు, నా భార్యకీ తెలుసు.”

“మాకూ రాదు బాబూ. వెయ్యిన్ని రెండొందలు సూసేరు కదా.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వారు. ఇప్పుడు చప్పుడు చేస్తూనే. “సరే. శిబిరం వేసినప్పుడు నేను మీ ఊరొస్తే ఇలాగే మజ్జిగిస్తారా?”

“ఇస్తాం. మజ్జిగకేటి!” అంది దేముడమ్మ. “మా నూతి నీలతో సేసిన మజ్జిగ. అందులో మీ వాటా ఉందంటంది మా కోడలు.”

కుమారి రెండో లోటా తెచ్చింది. ఆయన దాన్ని తొందర లేకుండా, గుక్క గుక్కకీ ఆగుతూ తాగారు. తాగి, ధర్మేంద్ర చెయ్యి ఊతగా పట్టుకుని లేచారు. ధర్మేంద్ర జాబితాలో ఆ ఇంటి నంబరు వెతికి, ఎదురుగా ఏదో గీశాడు. పెన్ను గీరిన చప్పుడు ముసలాయన చెవిన పడింది.

“ఏం రాసేవురా?”

“ఇంటూ పెట్టేను పెదనాన్నా. వెయ్యరు.”

“సరిగ్గానే పెట్టేవు. దాని పక్కన, మజ్జిగ బాగుందని కూడా రాయి,” అని ఆయన పక్కింటి వైపు కదిలారు.